ఆగే పిడికిలి

అద్దాల కొట్టులో గాజు కోసే ఆయన్ని వీధిలో అందరూ పేజీ మాస్టారు అంటారు. సాయంత్రం కొట్టు కట్టేశాక, టైర్ల షాపు మీద అద్దెకు తీసుకున్న హాల్లో పిల్లలకు కరాటే నేర్పేవాడు. పిల్లలు రాగానే చేతులు కాళ్ళు ఆడించడం ఉండదు. ముందు నేల మీద వరసగా కూర్చోవాలి. యుద్ధవిద్యల తత్వం గురించిన పుస్తకం తీసి ఒకరు ఒక పేజీ పైకి చదవాలి. మిగిలినవాళ్ళు దాని మీద తలో మాట చెప్పాలి. చెప్పలేనివాళ్ళు ఆ రోజుకి గోడ పక్కన కూర్చుని ఆ పేజీనే నమలాలి.

“తన్నడం నేర్పమని పంపితే వ్యాసాలు రాయిస్తున్నాడేంటి మా వాడిచేత!” అనేవాడు బ్యాంకులో పనిచేసే ఓ తండ్రి.

“పోనీలెండి, దొంగ వస్తే పేజీ చదివి నిద్రపుచ్చుతాడు” అనేవాడు టైర్లాయన. కింద నిలబడ్డ తల్లిదండ్రులంతా పకపకా నవ్వేవారు. మాస్టారికి ఆ నవ్వు వినపడేది. ఓర్పు గురించి కూడా ఆ పుస్తకాల్లో ఉంది కాబట్టి ఊరుకునేవాడు.

ఆయన కుర్రతనంలో ఒక గురువు దగ్గర కొద్దికాలం నేర్చుకున్నాడు. గురువు ఊరు మారిపోయాడు. మిగతా విద్యంతా పుస్తకాల్లోంచి తీసుకున్నదే. వాటన్నిటిలో ఆయన గుండెకు పట్టిన మాట ఒకటుంది. పిడికిలి అవతలివాడి చర్మాన్ని తాకకుండా వెంట్రుకవాసిలో ఆగాలి. ఆపగలిగినవాడికే కొట్టే హక్కు. అందుకని ఆయన హాల్లో ఇంతవరకు ఎవరికీ దెబ్బ తగల్లేదు. చూడటానికి ముచ్చటగా ఉండేది. పిడికిళ్ళు ముక్కుల దాకా దూసుకెళ్ళి, కళ్ళెం లాగినట్టు ఆగిపోయేవి.

లోకంలో ఆయన మాటని పూర్తిగా నమ్మింది ఒక్కతే, పన్నెండేళ్ళ కూతురు. రోజూ పొద్దున్నే వంటింటి గుమ్మంలో ఆ పిల్లని నిలబెట్టి ముఖం మీదికి పిడికిలి విసిరేవాడు.

“రెప్ప కొట్టకూడదు, తల్లీ. భయపడేది కన్నే. అది గెలిస్తే నువ్వు ఓడినట్టే.”

“చెయ్యి జారితే?” అనేది భార్య, పొయ్యి దగ్గర్నుంచి.

“జారదు.”

“అవును మరి, కొట్లో గాజు పలకలేం జారట్లేదుగా!”

పిల్ల కిలకిలా నవ్వేది. కళ్ళు మాత్రం ఆర్పేది కాదు. కంటి మీదికి ఏదైనా దూసుకొస్తే రెప్ప దానంతటదే పడుతుంది. మన అనుమతి అడగదు. మెదడు ఆలోచించేలోపే పని అయిపోతుంది. పుట్టిన బిడ్డకి ఎవరూ నేర్పక్కర్లేని కాపలా అది. దాన్ని ఆయన కొన్నేళ్ళు కష్టపడి, ప్రేమగా, తన కూతురిలోంచి తీసేశాడు.

వీధికి అవతల ఇంకో శిక్షణ హాలుంది. అక్కడాయన నుదుటితో పెంకులు పగలగొడతాడు. పెంకుల మాస్టారు అనే పేరు అలా వచ్చింది. ఆయన పోటీ పెట్టాడు. పేజీ మాస్టారి దగ్గర ఉన్న తల్లిదండ్రులు పట్టుబట్టారు.

“మీ చదువు ఏపాటిదో చూద్దాం మాస్టారూ. ఎవర్నో ఒకర్ని దింపండి. లేకపోతే మా పిల్లల్ని అవతలికి పంపిస్తాం.”

తమ పిల్లల్ని దింపమని మాత్రం ఎవరూ అనలేదు.

“నేను వెళ్తా నాన్నా” అంది కూతురు.

పోటీ రోజున తలకు పెట్టుకునే తొడుగు ఇచ్చారు. “చూపుకి అడ్డం, వద్దులే” అన్నాడు తండ్రి. అక్కడ పిడికిలి ఆపుతారా అని ఆయన ఎవర్నీ అడగలేదు. అడగాలని తోచనే లేదు. పుస్తకాలన్నిటిలో అలాగే ఉంది మరి.

పిల్ల బరిలో నిటారుగా నిలబడింది. ఎదుటి అమ్మాయి దానికంటే జానెడు పొడుగు. మొదటి పిడికిలి దూసుకొచ్చింది. మాస్టారి కూతురు చెయ్యి ఎత్తలేదు, తల తిప్పలేదు, రెప్ప వెయ్యలేదు. రోజూ పొద్దున చూసినట్టే చూస్తూ నిలబడింది.

చప్పుడు వెనక వరసదాకా వినపడింది.

కింద పడిన పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి. ముక్కులోంచి రక్తం తెల్ల చొక్కా మీదికి కారుతోంది. ముఖంలో నొప్పి కంటే ఎక్కువగా ఆశ్చర్యం కనపడింది. జనంలోంచి ఎవడో “పేజీ చిరిగింది రోయ్!” అన్నాడు. అందరూ నవ్వారు. బ్యాంకు తండ్రి ఫోనులో వీడియో తీశాడు. సాయంత్రానికి అది వీధి వీధంతా తిరిగింది.

ఆస్పత్రిలో ముక్కుకి పట్టీ వేయించుకుని కూతురు అడిగింది.

“నాన్నా, నిన్నెవరైనా ఎప్పుడైనా కొట్టారా?”

“లేదమ్మా.”

“మరి నీకెలా తెలుసు?”

పక్కనున్న భార్య ఆ రోజు ఎత్తిపొడవలేదు. ఆయనకి అదే ఎక్కువ బాధనిపించింది.

ఇంటికొచ్చి, పిడికిలి ఆగాలన్న పేజీ మళ్ళీ తీశాడు. ఆపగలిగినవాడు అన్న మాటకు ముందు ఇంకో వాక్యం ఉంది: దెబ్బ తిని, దాని బరువు తెలిసినవాడు. ఆ వాక్యం ఆయన ఎన్నోసార్లు చదివాడు. చదివి, దాటి, తనకు నచ్చిన చోటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని పెంకుల మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

“నన్నొక దెబ్బ కొట్టండి. ఆపకుండా.”

“అయ్యో మాస్టారూ, ఆ భాగ్యం నాకా!” అన్నాడు పెంకులాయన. పిల్లల్నీ, బయట ఉన్న వాళ్ళ తల్లిదండ్రుల్నీ పిలిచి చుట్టూ నిలబెట్టాడు. తీరిగ్గా చొక్కా చేతులు మడిచాడు. పిడికిలి కదలగానే పేజీ మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ ఆ తర్వాత పడింది. మోకాళ్ళ మీద కూలబడి, పెదవి తుడుచుకుంటూ కూతురి వైపు చూశాడు.

“కళ్ళు మూసుకున్నావు నాన్నా” అంది.

“ఇప్పుడు తెలిసిందమ్మా. రేపట్నుంచి మళ్ళీ మొదటినుంచీ నేర్చుకుందాం, ఇద్దరం.”

“నువ్వు నేర్చుకో. నేను ఇక్కడ చేరతాను.”

పెంకులాయన ఫీజు కూడా వద్దన్నాడు. కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా ఆ పిల్లని ముందుకు పిలిచి గడ్డం పట్టుకుని ముఖం పక్కకి తిప్పుతాడు. “చూడండర్రా, పుస్తకాలు చదివితే ముక్కు ఇలా వంకరపోతుంది.” పిల్లలు నవ్వుతారు. ఆ పిల్ల కదలకుండా నిలబడుతుంది.

ఒకసారి కొత్తగా చేరిన చిన్నది మెల్లగా పక్కకి చేరింది.

“అక్కా, నీ వీడియో చూశాను. నొప్పి పుట్టిందా?”

“పుట్టింది.”

“అంత పెద్ద దెబ్బ వస్తుంటే కళ్ళు ఎలా మూసుకోలేదు? నేనైతే ఎప్పుడో మూసేసుకుంటాను.”

ఆ పిల్ల చిన్నదాని నడుముకి పట్టీ సరిగ్గా కట్టి ముడి బిగించింది.

“మా నాన్న ఆగుతుందన్నాడు” అంది.