కాలువ మీద నాటిన నారు

పుంగనూరు దగ్గర మా చేని గట్టు వెంట ఒక కాలువ ఉండేది. ఊరి వీధుల వాన నీళ్ళు అందులో దిగి వంకలో కలిసేవి. కాలువ మా పట్టా భూమిలోనే ఉంది. నా భర్త ఉన్నన్నాళ్ళూ వానలకు ముందు పార పట్టుకుని పూడిక తీసేవాడు. ఆయన పోయాక, కూలి దండగని నేను తీయించలేదు.

ఒక ఏడు టమోటా నాటగా రెండు ట్రేల నారు మిగిలింది. పారేయడానికి చేతులు రాలేదు. నేనే గంపతో మట్టి మోసి కాలువ పూడ్చి, దాని పొడవునా నాటేశాను.

కాలువ పక్కనే పల్లంలో నా తోడికోడలి మట్టిగోడల ఇల్లు. ఆమె వచ్చి గట్టు మీద నిలబడింది.

"అక్కా, ఇంక నీళ్ళు యాడికి పోవాల? నా ఇంట్లోకే గదా?"

"వానే లేదు, నీళ్ళంటావేమే. వచ్చినప్పుడు సూద్దాంలే."

"నువ్వు దొరికితే వంకనైనా మడిసి కొంగున కట్టుకుంటావు," అని నవ్వింది.

తర్వాత పంచాయతీ సెక్రటరీ నోటీసు తెచ్చాడు.

"భూమి మీదే, కాదనలేదమ్మా. ఊరి నీళ్ళు పోయే దారిని మాత్రం పూడ్చకూడదు. వారంలో తీయకపోతే పంచాయతీ తీయిస్తాది. ఆ అధికారం మాకు ఉండాది."

"మూడో తరగతే సదివినా, నా పట్టా సదవను వస్తాదప్పా నాకు. చేలో అడుగు పెట్టి సూడు!"

మూడో రోజే పెద్ద వాన కొట్టింది. తెల్లారి పోయి చూస్తే తోడికోడలి ఇంటి వెనక గోడ కూలి ఉంది. ఆమె తడిసిన బియ్యం మూట ముందర కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కూతురు వచ్చి పలమనేరుకు తీసుకుపోయింది.

గడువు తీరాక జేసీబీ వచ్చింది. నేను అడ్డం పోలేదు. పూత మీదున్న చెట్లు మట్టితో పాటు లేచిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

మొన్న పలమనేరు పోయాను.

"ఇంటికి రావే. గోడ నేను పెట్టిస్తా."

"కాలవ తీసినారంట గదక్కా?"

"తీసినారు."

"మంచిదయింది. కొన్నోళ్ళకు బాగుంటాది. ఆ ఇల్లు అమ్మేసినా."

లోపలికి పోయి కాఫీ పెట్టింది. ముప్పై ఏళ్ళు నా చేతికి కాఫీ అందించిన మనిషి, చక్కెర ఎంత వేయాలని వంటింట్లోంచి అడిగింది.