చిన్నాయన నమ్మిన బోర్డు

మొన్న ఉదయం తొమ్మిదింబావుకు తిరుమలగిరిలో బస్సు దిగితే, రోడ్డుకు అవతల నూట ఇరవై అడుగుల దూరంలో పన్నెండడుగుల కొత్త బోర్డు కనిపించింది. పళ్ల డాక్టరు పేరు ఒక వరుసలో ఉంటే, దాని వెనుక డిగ్రీల అక్షరాలు రెండు వరుసలు నిండి మూడో వరుసలోకి పాకాయి. రామన్నపేటలో ముప్పై ఏళ్లు పళ్ల వైద్యం చేసి, క్లినిక్ మూసి ఇంట్లో కూర్చున్న దాన్ని నేను. ఆ అక్షరాలు చూడగానే మా చిన్నాయన గుర్తొచ్చి మనసు చేదైపోయింది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది మాట. అరవై రెండు గొర్రెలు కాసే చిన్నాయనకు, ఎప్పుడూ తంబాకు పెట్టుకునే వైపే, నాలుక అంచున పుండు లేచి నెల దాటినా మానలేదు. నా కుర్చీలో కూర్చోబెట్టి వేలితో నొక్కి చూస్తే అంచులు గట్టిగా తగిలాయి. ముక్క తీసి పరీక్షించాలని, హైదరాబాదులో నోటి శస్త్రచికిత్స చదివిన ఎండీఎస్ దగ్గరికి వెళ్లాలని చెప్పాను. నాది బీడీఎస్ అని, నాలుగేళ్ల చదువు, ఏడాది శిక్షణ అని, ఎండీఎస్ అంటే ఆపైన మరో మూడేళ్లు ఒకే శాఖలో చదవడమని, వంకర పళ్లు సరిచేసే ఎండీఎస్ వేరు, దవడకు కత్తి పెట్టే ఎండీఎస్ వేరని ఓపికగా వివరించాను. ముక్కు తుడిచి పెంచిన పిల్ల ఇప్పుడు మమ్మల్ని నోరు తెరవమంటున్నదని చిన్నమ్మ నవ్వింది.

చిన్నాయన హైదరాబాదుకు పోలేదు. తిరుమలగిరి అంగడికి గొర్రెలు తోలుకుపోయిన రోజున, అక్కడి ఒక క్లినిక్‌లో చూపించుకొని, గెలిచినవాడిలా మా ఇంటికి వచ్చాడు.

"నీ పేరెనక మూడే అచ్చరాలు బిడ్డా, ఆయనకు బోర్డు నిండ ఉన్నయ్. గొర్రెకు ఎన్ని సూదులేస్తే గన్నే బొట్లు పెడ్తం గదా, ఉత్తగనే ఎవడన్న పెట్టుకుంటడా?"

చిన్నాయనకు చదువు రాదు. మందలో టీకా పడిన ప్రతి గొర్రె వీపు మీదా రంగు బొట్టు పెట్టి, బొట్లను బట్టే మందను నమ్మిన మనిషి. ఆ బోర్డు ఫొటో తెప్పించి చదివాను. ఆయనదీ నా బీడీఎస్సే. మిగిలినవన్నీ రెండు మూడు రోజుల శిక్షణల పేర్లు, రుసుము కట్టి చేరిన సంఘాల సభ్యత్వాలు. ఎంత చెప్పినా వినలేదు. సూది వేయకుండా బొట్టు పెట్టేవాడు ఉంటాడన్న ఊహే ఆయనకు రాలేదు.

ఆ డాక్టరు పదునుగా ఉన్న పన్నును అరగదీసి, పూతమందు ఇచ్చి, వారం వారం రమ్మన్నాడు. నాలుగు నెలలకు క్యాన్సరు పాకి మెడలో గడ్డ తేలింది. అప్పుడు నేనే వెంటబెట్టుకొని హైదరాబాదు తీసుకుపోయాను. ఆ ఎండీఎస్ సర్జను గది తలుపు మీద జానెడు పలక, పేరు, రెండు డిగ్రీలు, అంతే. చిన్నాయన దాన్ని చాలాసేపు చూశాడు.

"గా బొట్లన్నీ ఉత్తయేనా బిడ్డా?"

ఉత్తవే అన్నాను. ఆయన మాట నేను స్పష్టంగా విన్నది అదే ఆఖరు. ఆపరేషను తర్వాత, నాలుక మడిచి మందను పిలిచే ఆ కూత రాక, గొర్రెలు ఆయన వెంట నడవడం మానేశాయి.

ఇప్పుడు గొర్రెల చెవులకు నంబరు బిళ్లలు వేస్తున్నారు. రంగు బొట్టును చూసి నమ్మే రోజులు పోయాయి. డాక్టర్ల నమోదు వివరాలు కూడా అడిగితే తెలుస్తాయి, అడిగేవాళ్లే లేరు. మేమంతా బోర్డులనే చూస్తున్నాం, అవేమో పొడుగవుతున్నాయి.

మా ఇంట్లో పోయినవాటి లెక్క ఇది: నాలుగు నెలల కాలం, సగం నాలుక, ఎడమ దవడ, అరవై రెండు గొర్రెల మంద, రెండేళ్లు తిరక్కుండానే చిన్నాయన.