నాయినమ్మ చింతపండుతోని తోమిన చాసిస్

పొద్దున గేటుకు జంగు పట్టకుండ రెడాక్సైడ్ వేస్తాంటే, ఆ వాసనకు మా బాపు పాత పికప్ బండి యాదికొచ్చింది. నెక్కొండ నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసిన బండి. ఇల్లంత దాని మీదనే బతికినం.

మీ ఇండ్లల్ల గూడ ఇత్తడి బిందెలు చింతపండు, ఉప్పుతోనే తోమేటోళ్లు గదా? ఒకసారి దసరాకు బండికి పూజ ఉందని మా నాయినమ్మ పీటేసుకొని కూసొని, బండి కింద జంగు పట్టిన ఇనుప చట్రం, చాసిస్‌ను గూడ అట్లనే తోమింది. నవ్వకుండ్రి, చెంబుతోని నీళ్లు పోసింది నేనే. తళతళ మెరిసింది.

మూడొద్దులకు ఉప్పు తాకిన ఇనుమంత ఎర్రగ పొక్కింది. బాపు కిరాయిలు బంద్ పెట్టి, గోనెసంచి పరుచుకొని బండి కిందికి దూరిండు. రెండు రోజులు ఇనుప బ్రష్‌తోని గీకుడే గీకుడు, మీదికెల్లి రెడాక్సైడ్ పూసుడు.

నాయినమ్మకు కండ్లు సరిగ ఆనవు. చాయ్ తెచ్చి, వంగి అడిగింది: "నేను తోమింది ఇంక మెరుస్తాందారా, కొడుకా?"

నేను నోరు తెరువబోయిన. బాపు నాదిక్కు చూసి వద్దన్నట్టు తల ఊపిండు. మొఖమంత జంగు పొడితోని, బండి కిందికెల్లే అన్నడు:

"అద్దం లెక్క మెరుస్తాందే, అవ్వా."