ఎడమ చెయ్యి

“…అయితే మా అమ్మాయిని బస్సెక్కించి పక్క ఊరి బడికే పంపిస్తాను. మీరేమనుకున్నా సరే” అంటోంది దోన్కా, బడి వరండాలో నిలబడి.

“నలుగురూ తిరిగే చోటు, కాస్త గొంతు తగ్గించు” అంది ఆమె అత్తగారు. “నువ్వు చదువుకున్నది వెలిచ్కా టీచరుగారి దగ్గర కాదూ? నీకేం తక్కువైంది?”

“ఆవిడ దగ్గర చదివాను కాబట్టే చెప్తున్నానత్తయ్యా.”

హెడ్మాస్టరు కంబురోవ్ ఇద్దరినీ తన గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు. టీచర్ల గదిలో, ఓరగా తెరిచిన తలుపు వెనక నిలబడ్డ వెలిచ్కా చేతిలో టీ చల్లారిపోయింది. దోన్కాకి అక్షరాలు దిద్దించింది తనే. బూటు తాడు ముడి వేయడం నేర్పిందీ తనే.

గొడవ దోన్కా కూతురు చేరబోయే మొదటి తరగతి గురించి. ఆ బడిలో ఒక టీచరు పిల్లల్ని మొదటి తరగతిలో చేరదీస్తే నాలుగు ముగిసేదాకా ఆ పిల్లలు ఆమెవాళ్లే. వెలిచ్కా తరగతి, పక్క గదిలోని జోర్నిత్సా తరగతి రెండూ ఈ జూన్‌తో నాలుగు పూర్తి చేసి వెళ్లిపోతున్నాయి. ఊళ్లో పురుళ్లు తగ్గిపోయి, సెప్టెంబరులో చేరబోయే పిల్లలు ఒక్క తరగతికే సరిపోతారని తేలింది. ఆ తరగతి ఒకరికి వస్తుంది. రెండోవారికి మిగిలేది మధ్యాహ్నం గది. భోజనాలయ్యాక ఆ పిల్లల్నే కూర్చోబెట్టి ఇంటిపని చేయించడం, చేతులు కడిగించడం, సాయంత్రం కోట్లు తొడిగి పంపడం. వెలిచ్కాకి పింఛను దగ్గరపడింది. ఇప్పుడు తరగతి రాకపోతే ఇక ఎప్పటికీ రాదు.

ఆమె పుట్టింది కొండల్లో, పొగాకు పండించే పల్లెలో. వేళ్లకి పట్టిన పొగాకు జిగురు వదలకముందే టీచరు చదువుకి వెళ్లింది. అట్టపెట్టెతో ఈ ఊరొచ్చి, కూరగాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేసే స్టోయ్కోని పెళ్లి చేసుకుంది. ఫ్యాక్టరీ మూతపడింది, బడి మిగిలింది. వాళ్లకి పిల్లల్లేరు. ఎవరైనా ఆ మాటెత్తితే స్టోయ్కో, “ఊరంతా మా పిల్లలే, ముసలితనంలో చూసేవాడు మాత్రం ఒక్కడూ లేడు” అని నవ్వించేవాడు. రొట్టెల కొట్టువాడు, ఆసుపత్రి నర్సు, చివరికి కంబురోవ్ కూడా ఆమె చేతి కింద చదివినవాళ్లే.

ఒకప్పుడు జిల్లా నుంచి ఇన్‌స్పెక్టర్లు ఆమె పాఠం చూడటానికే వచ్చేవాళ్లు. గోడవారగా కుర్చీలేసుకుని కూర్చునేవాళ్లు. ఆమె ప్రశ్న అడగ్గానే తరగతి మొత్తం చేతులెత్తేది, ఎవరిని లేపినా సరైన జవాబే వచ్చేది. కిటుకు ఆమెకి కొత్తలోనే దొరికింది. జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి ఎత్తాలి. తెలియనివాళ్లు ఎడమచెయ్యి ఎత్తాలి. ఆమె కుడిచేతుల్నే పిలుస్తుంది. పిల్లలు ఆ రహస్యాన్ని ప్రాణం పెట్టి కాపాడేవాళ్లు. పెద్దయ్యాక అది ఊరి వేళాకోళమైంది. పెళ్లివిందులో ఇంకో గ్లాసు రకియా సారా తాగగలవా అని అడిగితే, చేతగానివాడు ఎడమచెయ్యి ఎత్తి నవ్వుతాడు.

జోర్నిత్సా కూడా ఆ తరగతుల్లోంచి వచ్చినదే. పొయ్యి పక్క బల్ల మీద కూర్చునే, ఎప్పుడూ మాట్లాడని పిల్లగా వెలిచ్కాకి కొంచెం గుర్తు. రెండేళ్ల కిందట, జబ్బుపడిన టీచరుకి బదులుగా వచ్చి ఆ తరగతిని మధ్యలో అందుకుంది. బల్లల్ని వరసలు తీసేసి గుండ్రంగా వేసింది. ఆ గదిలోంచి రోజంతా గోల వినబడుతుంది. మొన్న మే నెలలో అక్షరాల పండుగనాడు పిల్లలు పియోనీ పూలు తెస్తే వెలిచ్కా తరగతికి ఒక కూజా చాలింది. పక్క గదిలో పూలు పట్టక నేల తుడిచే బాల్చీ తెచ్చి పెట్టారు. సుద్దముక్క కావాలనే వంకతో వెలిచ్కా ఆ గుమ్మం ముందు నుంచి పదేపదే నడిచింది. చలికాలంలో బిల్యానా అనే పిల్లని తల్లి వెలిచ్కా తరగతిలోంచి తీసి అటు మార్చినప్పుడు కూడా అంత బాధ కలగలేదు. బిల్యానా ఎప్పుడూ ఎడమచెయ్యే.

ఆ రాత్రి భోజనం దగ్గర ఆ గోల గురించీ బల్లల గురించీ చెప్పుకుంటూ పోయింది.

“కడుపులో మంటగా ఉంటే అల్మారాలో వంటసోడా ఉంది” అన్నాడు స్టోయ్కో రొట్టె తుంచుకుంటూ.

“నాకేం మంట? పిల్లలు పాడైపోతున్నారని.”

“పాడైపోతుంటే నువ్వు ఇంతలా కుళ్లుకోవడం దేనికి?”

మర్నాడు కంబురోవ్ ఆమెని పిలిచాడు. సీనియారిటీ ప్రకారం తరగతి ఆమె కోరుకుంటే ఆమెదే, ఆ మాట కాదనలేనన్నాడు. తల్లులు మాత్రం జోర్నిత్సాయే కావాలని పట్టుబడుతున్నారు, అందుకని శుక్రవారం సమావేశంలోపు ఒక్కసారి జోర్నిత్సా పాఠం వెళ్లి చూసి, అభిప్రాయం అందరి ముందూ చెప్పమన్నాడు. ఇంతకాలం ఆమె కిటుకుని కాపాడిన విద్యార్థిలాగే, నేల చూపులు చూస్తూ అన్నాడు. తప్పులు పట్టుకోవడానికి ఇంతకన్న మంచి అవకాశం దొరకదనుకుంటూ వెలిచ్కా సరేనంది.

గురువారం ఆమె జోర్నిత్సా గదిలో, గుండ్రానికి బయట వెనకగా వేసిన బల్ల మీద చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జోర్నిత్సా బోర్డు మీద రెండు మిరపమడులు గీసింది. ఒకటి పొడుగ్గా సన్నగా, ఒకటి చదరంగా. రెండింటి చుట్టూ కట్టడానికి ఒకే పొడవు కంచె పడుతుంది. మరి రెండింటిలో మొక్కలు సమానంగా పడతాయా అని అడిగింది.

చేతులన్నీ లేచాయి. వెలిచ్కా ముందుకి వంగి చూసింది. కొన్ని కుడివి, కొన్ని ఎడమవి. తన కిటుకే. ఈ పిల్ల తన కిటుకునే ఎత్తుకొచ్చి, కొత్తపద్ధతి అని ఊరిని నమ్మిస్తోంది. రేపు సమావేశంలో ఈ ఒక్క మాట చాలు. ఎన్నాళ్లకో ఆమెకి ప్రాణం తేలికపడింది.

“బిల్యానా, నువ్వు రా” అంది జోర్నిత్సా.

బిల్యానా ఎడమచెయ్యి ఎత్తి ఉంది. పొరపాటున పిలిచిందనుకుంది వెలిచ్కా. పిల్ల బెదరలేదు. బోర్డు దగ్గరికెళ్లి కంచె గీత మీదే సుద్దతో మళ్లీ గీస్తూ, “కంచె సమానం, అది తెలుసు. కంచె సమానమైతే లోపల నేల కూడా సమానమే ఉండాలిగా? ఇక్కడ ఆగిపోయాను” అంది. ఎడమచెయ్యి ఎత్తిన ఇంకో పిల్ల, తనూ అక్కడే ఆగానంది. అప్పుడు కుడిచేతులవాళ్లు దారంతో బల్ల మీద మడులు చేసి చూపించారు. చదరాన్ని నొక్కేకొద్దీ అది సన్నమై, లోపల చోటు మాయమైపోతుంటే బిల్యానా “ఓహో” అని తనే నవ్వింది. ఆ పిల్ల నవ్వు వెలిచ్కా ఇదివరకు వినలేదు.

నాలుగో తరగతికి ఈ లెక్క ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. సూత్రం రాయించింది, వల్లె వేయించింది. నేల ఎందుకు తగ్గుతుందని ఎవర్నీ అడగలేదు, తననీ ఎవరూ అడగలేదు. దారం చివరికి పూర్తిగా మూసుకుపోతే లోపల ఏం మిగులుతుందని జోర్నిత్సా అడిగింది. వెలిచ్కా ఎడమచెయ్యి సంచీ మీద కదిలింది. దాన్ని కుడిచేత్తో గట్టిగా పట్టుకుంది.

గంట కొట్టాక పిల్లలు బయటికి పరుగెత్తారు. జోర్నిత్సా దారాలు చుట్టుకుంటూ దగ్గరికొచ్చింది.

“కిటుకు నాది” అంది వెలిచ్కా.

“మీదే టీచర్. నేను నాలుగేళ్లూ ఎడమచెయ్యే ఎత్తాను. మీరు ఒక్కసారైనా పిలుస్తారేమోనని చూసేదాన్ని.”

నిష్ఠూరంగా అనలేదు. దారం చిక్కు విప్పుకుంటూ మామూలుగా అంది. దెప్పినా బావుండేదనుకుంది వెలిచ్కా, తిరిగి ఓ మాట అనడానికి వీలుండేది. కిటికీలో బాల్చీ నిండా పియోనీలు రేకులు రాల్చుకుంటున్నాయి. వాటిని చూస్తూ వాటితో పాటు ఈ గోలనీ ఈ పిల్లల్నీ ఆ నవ్వునీ ఎత్తుకుపోవాలన్నంత ఆశ పుట్టింది ఆమెకి. తనకి ఇది దొరికి ఉండవలసింది. చేతులెత్తిన పిల్లలు ఇన్నేళ్లూ తన ఎదటే ఉన్నారు.

శుక్రవారం సమావేశంలో అందరూ ఆమె వైపే చూశారు. జోర్నిత్సా చివరి కుర్చీలో, వేళ్లు ముడుచుకుని కూర్చుంది. చెప్పండి టీచరుగారూ అన్నాడు కంబురోవ్. పాఠంలో ఎంచడానికి ఏమీ లేదంది వెలిచ్కా. మంచి పాఠం అంది. గదిలో అందరూ, ఇక అయిపోయిందన్నట్టు కుర్చీల్లో సర్దుకున్నారు. కంబురోవ్ కలం తీశాడు.

“మొదటి తరగతి నాకు రాయండి” అంది వెలిచ్కా. “మధ్యాహ్నం గది జోర్నిత్సాకి. పొద్దున పూట ఆమెకి పని ఉండదు కాబట్టి, రోజూ వచ్చి నా తరగతిలో వెనక బల్ల మీద కూర్చోవాలి. నేను ఎడమచెయ్యి ఎవరిదైనా దాటేస్తే, పిల్లల ముందే నన్ను ఆపాలి.”