తన తప్పు తానే చెప్పిన డ్రిల్లు మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు మంగళవారం పొద్దున్న సాలూరులో వాళ్లింట్లోనే కన్నుమూశారు. కబురు చెప్పింది మా అమ్మాయే. ఫోనులో ఏడుస్తూనే, "నాన్నా, మాస్టారి గురించి నువ్వే రాయాల" అంది. నేను ఏడో తరగతి దాటనివాణ్ణి, అనంతగిరి కొండల్లో కాఫీ తోట చేసుకునే మనిషిని. అయినా రాస్తున్నాను. ఆయన్ని తలుచుకుంటే నాకు ఏడుపు కంటే సంతోషమే ముందొస్తోంది, మన్నించండి.

తొంభైల్లో మా అమ్మాయి ఆయన పనిచేసే హాస్టలు బడిలో కబడ్డీ ఆడేది. ఒక సంతరోజు పక్క బడితో పోటీ పెట్టారు. జనం బేరాలు వదిలేసి గీత చుట్టూ మూగారు. కూతకెళ్లిన మా పిల్ల చెయ్యి చాపిందో లేదో, "ముట్టింది! ముట్టింది!" అని అందరం అరిచాం. అందులో నా గొంతే పెద్దది. రిఫరీగా ఉన్న మాస్టారు పాయింటిచ్చేశారు. మేం గెలిచాం, చేతులు కలిపి థింసా ఆడాం.

మర్నాడు ప్రార్థనలో ఆయన పిల్లలందరి ముందూ, "నిన్న నేను సూడలేదు. అరుపు విని సెయ్యెత్తీసేను. తప్పు నాది" అన్నారట. మాకిచ్చిన కప్పును సైకిలు మీద తీసుకెళ్లి పక్క బడికి ఇచ్చేశారట. నాకు ఒళ్లు మండి బడికెళ్లాను.

"ఏటి మాస్టారూ, గెలిచిన గుంటని ఓడించీసేరు?"

"నీ కూతురు ముట్టిందా?"

"నాకేటి తెల్సు? నేను అరుస్తన్నాను గదా!"

"నా పనీ అంతేనయ్యా, నేనూ సూడలేదు!" అని పగలబడి నవ్వారు.

పక్కనే ఉన్న మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. "మాస్టారూ, సెవిలో అరుపు పడితే కన్నెందుకు మారిపోద్ది?" అని అడిగింది.

"నాకు తెల్దు గుంటా. నువ్వు సదివి సెప్పు."

అప్పట్నుంచి ఆయన మా ఇంటికి వచ్చిపోయేవారు. మా కాఫీ ఎలా ఉందంటే, "రెండో గ్లాసు తాగితే గానీ తీర్పు సెప్పను" అనేవారు. మూడో గ్లాసు తాగినా చెప్పేవారు కాదు!

మా పిల్ల విశాఖపట్నంలో సైకాలజీ చదివింది. ఆటల్లో మనుషులు నిర్ణయం ఎలా తీసుకుంటారు, ఎక్కడ పొరబడతారు అన్నదే డాక్టరేటుకు ఎంచుకుంది. టీవీలో ఒకే ఆటను కొందరు రిఫరీలకు అరుపులతో, కొందరికి చప్పుడు తీసేసి చూపించి తీర్పులు పోల్చాలి. తమ తప్పులు కాయితం మీదికి ఎక్కుతాయని ఒక్కరూ రాలేదు. ఏడాది గడిచిపోయింది. "ఇంక సాలు నాన్నా, మానేసి వచ్చెత్తాను" అంది. రిటైరై సాలూరులో ఉన్న మాస్టారి దగ్గరికి పరుగెత్తాను.

వింటూనే చొక్కా తొడుక్కున్నారు. "బేగి పద! తప్పులు కావాలంటే నాకాడ బోల్డున్నాయి."

విశాఖపట్నం వెళ్లి, అందరికంటే ముందు ఆయనే కూర్చుని తన పాత తప్పులన్నీ రాయించారు. ఆనక పాత రిఫరీలందరికీ ఫోన్లు చేశారు: "నా తప్పులు రాసీసుకున్నారు. మీకేటి సిగ్గు? రండి!" ఎక్కడో కొండల్లోని పెదబయలు నుంచి కూడా వచ్చారు. నా కూతురు డాక్టరైంది బాబూ! యూనివర్సిటీలో పాఠాలు చెబుతోంది. ఊళ్లోవాళ్లు జ్వరానికి మందడిగినా నాకు గర్వమే.

రిఫరీలకు ఆ పరీక్ష పెట్టిన రోజున నేనూ ఆ గది గుమ్మంలో ఉన్నాను. గొంతు తీసేసిన టీవీ ముందు నెరిసిన తలలు వరసగా కూర్చున్నాయి. ఎక్కడా చప్పుడు లేదు. మాస్టారు ముందుకు వంగి, సగం లేచిన చేతిని గాల్లోనే ఆపుకుని, రెప్ప వెయ్యకుండా ఇంకొక్క క్షణం చూస్తున్నారు.