గాజుగొట్టంలో రక్తపింజర

కొవిడ్ వార్డులు మూతపడిన మరుసటి ఏడాది నన్ను రాజమండ్రిలోని ఒక ఆసుపత్రికి సీనియర్ పేథాలజిస్టుగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. రోగుల రక్తం పరీక్షించి వార్డు డాక్టరుకు రిపోర్టు ఇవ్వడం పేథాలజిస్టు పని. రోగితో ముఖాముఖి మాట్లాడే అవసరం మాకు అరుదుగా వస్తుంది.

గోదావరి డెల్టా వరిచేలలో రక్తపింజర ఎక్కువ. అది కరిస్తే రక్తంలో గడ్డకట్టించే పదార్థాలన్నీ ఒక్కసారిగా ఖర్చయిపోతాయి. ఆ తరువాత రక్తస్రావం ఆగదు. ఆ గుణం కోసమే ఆ విషాన్ని బాగా పలచబరిచి లేబొరేటరీలో వాడతాం. రోగి ప్లాస్మాలో కలిపి, గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూస్తాం. ఆలస్యమైతే, ఇంకో పరీక్షతో సరిపోల్చి, ఒక రకం యాంటీబాడీ ఉందని నిర్ధారిస్తాం. గొట్టంలో గడ్డను ఆలస్యం చేసే ఆ యాంటీబాడీయే ఒంట్లో అక్కర్లేని గడ్డలు కట్టిస్తుంది. గర్భిణి అయితే బిడ్డను పోషించే మాయకు రక్తం సరిగా అందక గర్భం పోవచ్చు.

ద్రాక్షారామం దగ్గరి పల్లె నుంచి సునీత అనే అమ్మాయి ఈ పరీక్ష కోసం వచ్చింది. అప్పటికి మూడుసార్లు గర్భం పోయింది. వెంట అత్తగారు అచ్చాయమ్మ ఉన్నారు. మా టెక్నీషియన్ నోటి నుంచి రక్తపింజర విషం అన్న మాట ఆమె చెవిన పడగానే కోడలి చెయ్యి పట్టుకుని లేపేశారు. నేను బయటికి వెళ్లేసరికి ఇద్దరూ గుమ్మం దగ్గర ఉన్నారు.

“దాని విషం నా కోడలి ఒంట్లోకి ఎక్కించనివ్వనండి. మా ఆయన పోయింది దాని వల్లేనండి. కోసిన వరి పన ఎత్తబోతే చేతిమీద కరిచింది. చిగుళ్లలోంచి రక్తం కారుతుంటే నా కొంగుతో తుడిచానండి.”

సునీత నేలచూపులు చూస్తూ, “ఇంకొకటి పోతే నేను తట్టుకోలేను అత్తయ్యా,” అంది.

నేను అచ్చాయమ్మగారిని లోపలికి తీసుకెళ్లి మిషను, గొట్టాలు, విషం ఉన్న చిన్న సీసా చూపించాను. సునీత ఒంట్లోకి ఏమీ వెళ్లదని, ఆమె రక్తమే ఇక్కడికి వస్తుందని చెప్పాను. ఆమె చాలాసేపు చూసి, మనిషిని చంపేది మనిషికి మేలెలా చేస్తుందని అడిగారు. బీపీకి ఏం వాడుతున్నారని అడిగాను. సంచిలోంచి మాత్రల అట్ట తీసి ఇచ్చారు. ఆ కోవ మాత్రల్లో మొదటిదాన్ని ఒక విదేశపు పాము విషం రక్తపోటును ఎలా దించుతుందో చూసి తయారుచేశారని, గుండెపోటు వచ్చినవాళ్లకు ఎక్కించే ఒక మందుకు మన చిన్నపింజర విషమే ఆధారమని చెప్పాను.

“ముందే తెలిస్తే ఇవి వేసుకునేదాన్ని కాదండి,” అన్నారు. అట్ట మళ్లీ సంచిలో పెట్టుకుని బయటికి వెళ్లి, కోడలిని కుర్చీలో కూర్చోబెట్టారు.

యాంటీబాడీ ఉందని తేలింది. ఇలాంటి కేసుల్లో ఒక్క రిపోర్టుతో ముద్ర వేయకూడదు. జ్వరాల వల్ల కూడా అది వచ్చి పోతుంది. మూడు నెలలు ఆగి మళ్లీ చేశాం. అప్పుడూ ఉంది. తరువాత సునీత గర్భవతి అయినప్పుడు గైనకాలజిస్టు రక్తం గడ్డలు కట్టకుండా తక్కువ మోతాదు ఆస్పిరిన్, రోజూ పొట్టకు హెపారిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. కొన్నాళ్లు నర్సు వచ్చి ఇచ్చేది. ఆ తరువాత అచ్చాయమ్మగారే నేర్చుకుని ఇచ్చారట. మొదటి రోజు సునీతే ఆమె చేతిని పట్టుకుని సూది గుచ్చించుకుందట.

నెలలు నిండకముందే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆడపిల్ల. బరువు తక్కువ కావడంతో కొన్నాళ్లు ఇంక్యుబేటరులో ఉంచారు. ఇంటికి తీసుకెళ్లే రోజున అచ్చాయమ్మగారు మా లేబొరేటరీకి వచ్చి, విషం కోసం పామును చంపుతారా అని అడిగారు. చంపరని, కోరల నుంచి విషం పిండుకుని మళ్లీ పెంచుతారని చెప్పాను.

“మంచిదండి. అలాగని మా చేలో కనిపిస్తే మాత్రం ఊరుకోనండి,” అన్నారు.

ఊరుకోవాలని నేనూ చెప్పలేదు. చంపబోయినవాళ్లే ఎక్కువగా కాటు తింటారు కాబట్టి, దూరంగా నిలబడి పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేయమన్నాను.

మిగిలిన సర్వీసులో మా విభాగానికి ఒక పద్ధతి పెట్టాను. సూది గుచ్చే ముందు రోగి నుంచి ఏం తీసుకుంటున్నామో, రోగికి ఏం ఇస్తున్నామో, ఏమీ ఇవ్వకపోతే ఆ సంగతీ చెప్పాలి. భయానికి కారణం వినకుండా నచ్చజెప్పడం వల్ల పని జరగదని నాకు తెలిసింది అచ్చాయమ్మగారి దగ్గరే.