ఎవ్వరు అందుకోని పాట

పాడెటామెకు పాడుడు తప్ప ఇంకేం తెల్వదట. దేశం సంగతి ఆమెకెందుకట. మా అక్కను పట్టుకొని ఊరంత గీ మాటన్నది. అన్నోళ్లల్ల నేను గూడ ఉన్న. అందుకే ఈ ముచ్చట రాస్తున్న. కోపమొస్తె నా నోరు ఆగదు, రాసెటప్పుడు గూడ ఆగదు. జర ఓపిక పట్టి సదువుండ్రి.

మాది నకిరేకల్‌కు దగ్గర్ల ఒక ఊరు. అక్కను ఇచ్చిన ఇంటికే, ఆమె మరిదికి నన్ను ఇచ్చిండ్రు. పక్కపక్క ఇండ్లు, నడుమ మొలెత్తు గోడ. నేను పదో తరగతి దాక సదివిన, అక్క బడి మొఖం జూడలే. కని నాటు కాడ మా ముఠాకు ఆమెనే పెద్ద. ఇరువై మందిమి నడుములు వంచి వరుసగ నిలవడి, నారు నాటుకుంట ఎనుకకు నడుస్తం. అక్క ఒక ముక్క పాడ్తది, మేమంత దాన్ని అందుకుంటం. మేము అందుకునే లోపట ఆమె రెండో ముక్క కడ్తది. గట్ల పొద్దుగూకే దాక నడుస్తది. పాట నడిస్తె చెయ్యి నడుస్తది, నడుము నొప్పి యాదికి రాదు. ఒక్కటే కట్టుబాటు, పాడెటామె పాడినంక ఎనుకున్నోళ్లు అందుకోవాలె. ఎంత పెద్ద గొంతైనా గానీ, అందుకునెటోళ్లు లేకుంటె రెండో ముక్క ఎల్లదు.

తెలంగాణ కొట్లాటప్పుడు గీ అక్కనే ట్రాక్టర్ ఎక్కించిండ్రు. జెండలు గట్టిన ట్రాలీల నిలవెట్టి, “పాడు వదినా, ఢిల్లీ దాక ఇనవడాలె” అన్నరు. అక్క నాటు పాటలకే మాటలు మార్చి పాడింది. ఎండిన బాయిల మీద పాడింది, ఫ్లోరైడు నీళ్లకు వంకర్లువోయిన కాళ్ల మీద పాడింది, కొలువుల్లేని పిల్లల మీద పాడింది. మొగోళ్లు గూడ తువ్వాలలు అడ్డం పెట్టుకొని ఏడ్సిండ్రు. అప్పుడు ఒక్కడన్న అన్నడా, నాటేసెటామెకు రాజకీయం ఎందుకని? అనలే. రాష్ట్రమొచ్చినంక పిలిచి శాలువ గప్పిండ్రు.

తర్వాత నల్లగొండ నుంచి ఒక చానలాయన వచ్చి, మా మడి గట్టు మీద నిలవడి అక్క పాటలు వీడియో తీసి ఫోన్లల్ల పెట్టిండు. ఇగ జూడుండ్రి. నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్‌కు పోతె ఆటోలాపి సెల్ఫీలు దిగుడు, పెండ్లిండ్లకు పిలుసుడు, గుడి పండుగలకు పిలుసుడు. ఎలక్షన్లొస్తె ఈ పార్టోళ్లొచ్చి మా పాట పాడమంటరు, వాళ్లటు పోంగనె ఆ పార్టోళ్లొస్తరు. ఓటు గుద్దమని పాడితె మాత్రం అది రాజకీయం గాదు! ఇనుప పెట్టెల శాలువలు నిండి మూత పడకపోతుండె. గంత పేరొచ్చినా నాటు మాత్రం మానలే. “గొంతు బురదల దిగితెనే లేస్తది” అనేది అక్క.

ఇగ నా కొడుకు సంగతి. వాడు మిలిటరీల సిపాయి. అక్కకు పిల్లలు గాలే. నేను కైకిలి, కూలి పనికి వోయిన దినాలల్ల వాన్ని చంకనేసుకున్నది ఆమెనే. వాడు నా దగ్గర పాలు దాగిండు, ఆమె పక్కల పండుకున్నడు. సెలవు మీద వస్తె సంచి మా అర్రల పెట్టి, బువ్వకు మాత్రం గోడ దుంకి పెద్దమ్మ కాడికే పోతడు. బార్డర్ల కొట్లాట మొదలైనప్పుడు వాడు ఆడనే ఉన్నడు. ఫోన్ గలుస్తలేదు. నేను టీవీ ముందట నుంచి లేవలే. బాంబులు చూపెట్టినప్పుడల్ల, “ఏసెయ్యిండ్రి, ఒక్కన్ని గూడ ఇడువొద్దు” అని ఒర్రుడు. అట్ల ఒర్రితె నా భయం జర తగ్గినట్టుండేది. అక్క టీవీ దిక్కు జూడలే. గోడ మీద చెయ్యేసి నిలవడి ఒకటే అడుగుడు, “పిలగాడు తిన్నడో లేదో తెలిసిందా?”

ఆ వారంలనే నల్లగొండల ఒక పెద్ద బట్టల దుకాణం ఓపెనింగ్ వచ్చింది. ఓపెనింగ్‌కు ఒక సిన్మా హీరో వస్తున్నడు, ఆయన రాకముందు అక్క పాడాలె. ఎప్పుడో ఒప్పుకున్నది, కాదంటె బాగుండదని పోయినం. ఎనుక అందుకునెతందుకు నేను, ముఠాల ఇంకో ముగ్గురు. హీరో తొందరగనే వచ్చిండు గావట్టి ముందు ఆయనకే మైకిచ్చిండ్రు. నల్ల కండ్లద్దాలు తీసి చేతిల వట్టుకొని ఏమన్నడు? “అవుతల ఒక్క ఇల్లు మిగలొద్దు, ఒక్క దీపం ఎలగొద్దు!” అన్నడు. మంది ఈలలేసిండ్రు. నేను గూడ చప్పట్లు గొట్టిన, చేతులు మండేదాక గొట్టిన. ఎందుకు దాచాలె?

తర్వాత మైకు అక్కకొచ్చింది. పెండ్లి పాట పాడమని ముందే చెప్పి పెట్టిండ్రు. అక్క హీరో దిక్కు ఒకపారి జూసింది. నాటు పాట ఎత్తుకున్నది. మేము ఎప్పుడు ఇనని ముక్క పాడింది.

“అవుతలి తల్లి గూడ బువ్వండి పెట్టె ఓ యమ్మలాలా,
కొడుకొచ్చె తొవ్వకు ఎదురు జూసె ఓ యమ్మలాలా.”

గంతే. ఏ దేశం పేరు తియ్యలే, ఎవ్వన్ని తిట్టలే. పాడి, మేము అందుకుంటమని ఆగింది. మేము నలుగురం ఒకల మొఖం ఒకలం జూసుకున్నం. మా నోర్లు లెవ్వలే. మైకుల నుంచి గుయ్యిమని చప్పుడొక్కటే వస్తున్నది. యాంకర్ పిల్ల ఉరికొచ్చి మైకు గుంజుకొని చీరెల ఆఫర్లు చెప్పుడు మొదలువెట్టింది. హీరో నవ్వుకుంట రిబ్బన్ కత్తిరించి కారెక్కిండు.

తెల్లారేసరికి ఊర్ల ఉన్న ఫోన్లన్నిట్ల అక్క పాడిన ఆ వీడియోనే. కింద అన్ని కామెంట్లు. కైకిలి దానికి దేశమెందుకు అని ఒకడు. పాటలమ్ముకునేది పాటలమ్ముకోవాలె అని ఒకడు. హోటల్ కాడ చాయ్ తాగుకుంట ఒక పెద్దమనిషి, “పేరొచ్చేసరికి కండ్లు నెత్తికెక్కినయి” అన్నడట. తెలంగాణ కొట్లాటప్పుడు ఆమెను ట్రాక్టర్ ఎక్కించి వదినా అన్నది ఈయననే! నాకు ఇప్పుడు అరికాలి మంట నెత్తికెక్కుతది. హీరో మాట్లాడలేదా? ఆయనేమన్న బార్డర్ల పహారా గాస్తున్నడా? ఆయన సిన్మాలు జేసుకోవాలె అని ఒక్కడన్లే. పేరున్నోళ్లు మాట్లాడొద్దనుడు అంత ఉత్త మాట. మనకు నచ్చింది మాట్లాడితె పులి, నచ్చంది మాట్లాడితె నోర్ముయ్యి. తుపాకి దిక్కు మాట్లాడెటోనికి మైకు, బువ్వ దిక్కు మాట్లాడినామెకు బూతులు. థూ!

అయితె గీ రోషం నాకు అప్పుడు రాలే. అదే నా ఏడ్పు. ఆ దినం పొద్దుగాల్నే పెద్దమనుషులు నా దగ్గరికొచ్చిండ్రు, అక్క దగ్గరికి పోలే. “నీ కొడుకు ఆడ పాణాలొడ్డి నిలవడితె, నీ అక్క అవుతలోళ్ల తల్లికి ఏడుస్తదా? నువ్వు జెప్తె ఇంటది. మాఫీ అడుక్కుంట ఒక వీడియో దీపియ్యి” అన్నరు. నేను గోడ కాడికి పోయిన. ఆమె ఆకిలూడుస్తున్నది. “నా కొడుకు ఆడున్నడు. నీకు గన్న కడుపైతె తెలుస్తుండె” అన్న. అవును, ఆ మాటన్న. నోట్లె నుంచి ఎల్లినంక ఎనుకకు తీసుకునెతందుకు అదేమన్న నారు కట్టనా?

అక్క చీపురు కింద పెట్టలే. “వాని పాణం కోసమే పాడిన” అన్నది. “మాఫీ మాత్రం చెప్ప.” ఊడ్సుకుంట పోయింది. ఆ దినం నుంచి పెండ్లిండ్లకు పిలుపులు బందైనయి. చానలాయన ఫోన్ ఎత్తలే, ఆమె పాటలన్ని తీసేసిండు. అక్క మా ఆయన్ను ఒక్కటే అడిగిందట, నా కొడుకు ఇగ గోడ దుంకి వస్తడా రాడా అని.

కొన్ని దినాలకు కొట్లాట ఆగింది, కొడుకు ఫోన్ గలిసింది. వాడు మంచిగనే ఉన్నడు. ఆ పెద్దమనుషులంత ఆ ముచ్చటే మర్సిపోయిండ్రు. మేము మాత్రం మర్వలే. వానలు వడ్డయి, నాట్లు మొదలైనయి. అదే ముఠా, అదే ఆటో. ఆటోల అక్క పక్కకు జాగా ఉన్నా ఎవ్వరు కూసోలే, ఇరుకిరుకుగ ఎదురుంగనె కూసున్నరు. మడిల దిగినంక అక్క నడుము వంచి ఒక ముక్క పాడింది. కొత్తది గాదు, మా అమ్మల కాలం నాటి పాత పాటనే. ఎవ్వరు అందుకోలే. నేను గూడ నారు దిక్కే జూసిన. అక్క ఇంకోపారి పాడింది. నీళ్లల్ల చేతుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆమె గొంతు ఆడనే ఆగిపోయింది. ముప్పై ఏండ్ల సంది పాట లేకుంట నాటెయ్యని ముఠా, పది దినాలు మూగోళ్ల తీరు నాటేసింది. నడుములు పీక్కపోయినయి. పాట లేక అని ఒక్కతె గూడ అనలే, ఈసారి బురద గట్టిగున్నదని అన్నరు.

పదో దినం పగటీలి, సద్ది తింటుంటె కొడుకు ఫోన్ జేసిండు. అది ఇది మాట్లాడి, “పెద్దమ్మకు ఇయ్యే” అన్నడు. పక్కకు లేదన్న. “పక్కకు లేకుంట యాడికి వోయింది? ఒక్క మడిల ఉండి మాట్లాడుకుంటలేరా?” అని అడిగిండు. వానికంత ఎర్కేనట. “ఆ పాట నేను జూసిన” అన్నడు.

“నిన్ను తక్కువ జేసిందిరా బిడ్డా, మందిల” అన్న.

వాడన్నడు, “అమ్మా, మాకు చప్పట్లు గొట్టెటోళ్లు మస్తున్నరు. ఇంక కొట్టు, ఇంక కొట్టు అంటరు. ఇంటికి రా అన్నది ఆమె ఒక్కతే. నువ్వు గూడ అనలే.”

నా చేతిల ముద్ద చేతిలనే ఉన్నది. నేను అనలేదా? యాది చేసుకున్న. టీవీ ముందు ఎన్ని దినాలు ఒర్రిన, ఏమేం ఒర్రిన. నిజంగనే అనలే. ఫోన్ పెట్టేసి చూస్తె, అక్క అవుతలి గట్టు మీద ఒక్కతె కూసోని సద్ది గిన్నె కడుక్కుంటున్నది.

మళ్లీ మడిల దిగినం. నాకు గొంతు లేదు. ఎనుకుండి అందుకునుడే తప్ప పుట్టినకాడి నుంచి ఒక్క పాటకు ముందట వడలే. అయినా ఎత్తుకున్న. పాత పాట గాదు, ఆ పాటే.

“అవుతలి తల్లి గూడ బువ్వండి పెట్టె ఓ యమ్మలాలా…”

గొంతు కీసుమన్నది. ముఠాల ఒకామె కిసుక్కున నవ్వింది. ఇంకొకామె తలెత్తి, “నీకేమన్న పుట్టిందా? కొడుకును మిలిటరీల పెట్టుకొని గా పాటనా?” అన్నది.

“కొడుకును పెట్టుకున్న గావట్టే పాడుతున్న” అన్న. నాకు కోపం ఆగలే. “నీ కొడుకు హైద్రాబాదుల కారు నడుపుతున్నడు, వాడు పొద్దుగూకినంక ఇంటికొస్తడు. యుద్ధం కావాలెనని నీకెందుకుండదు? అందుకుంటె అందుకో, లేకుంటె నీ నారు నువ్వు నాటుకో!” బురద చేతులతోనే చెప్పిన. ఆమె మొఖం తిప్పుకున్నది.

ఇంకోపారి పాడిన. ఎవ్వరు అందుకోలే. అక్క ఇన్ని దినాలు ఏం పడ్డదో నాకప్పుడు తెలిసింది. ముక్క పాడి ఆగితె ఎనుక నుంచి ఏం రాకపోతె, రొమ్ముల ఏదో జారినట్టైతది. కండ్లల్ల నీళ్లొచ్చినయి, తుడుసుకుందమంటె రెండు చేతులు బురదనే. మూడోపారి పాడెతందుకు నోరు దెరిసిన.

వరుస చివర నుంచి వచ్చింది.

“కొడుకొచ్చె తొవ్వకు ఎదురు జూసె ఓ యమ్మలాలా…”

అక్క తలెత్తలే, నా దిక్కు జూడలే. నడుము వంచి నాటుకుంటనే అందుకున్నది. ఎన్నడు ఎవ్వరెనుక పాడనామె నా ఎనుక పాడింది. నేను మళ్ల మొదటి ముక్క ఎత్తుకున్న, ఆమె మళ్ల అందుకున్నది. మిగిలినోళ్లు అందుకోలే. అందుకోకపోతె మానె. ఆ మడి అయ్యేదాక మేమిద్దరమే పాడినం.